జానెడు కిందికి

ఆ వేసవిలో ప్రతి ఆదివారం ఉదయం ఆరున్నరకు నా ప్రాణం పోయేది. ఏడున్నరకు మళ్ళీ వచ్చేది. మధ్యలో ఆ గంటసేపూ మూసారాంబాగ్‌లోని మా ఇంటి గేటు దగ్గర నిలబడి, తుడిచిన గేటునే మళ్ళీ తుడుస్తూ ఉండేదాన్ని. ఆ గంటలో మా మామయ్యగారు గంగాధరరావుగారు తన ఎర్ర కారులో మా భావనను ఎక్కించుకుని దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్బీనగర్ దాకా వెళ్ళి వచ్చేవారు.

భావనకు ఎనిమిదేళ్ళు. మామయ్యగారికి అరవై తొమ్మిది. కారుకు ఆయన కంటే అయిదారేళ్ళు తక్కువ. అరవైల నాటి విలాయతీ స్పోర్ట్స్ కారు అది. రెండే సీట్లు, పైకప్పు లేదు, బెల్టులు అసలే లేవు. పద్నాలుగేళ్ళు కష్టపడి, ప్రతి స్క్రూ అసలుదే వెతికి తెచ్చి ఆయన దాన్ని బతికించుకున్నారు. వారానికి ఒక్కసారైనా రోడ్డెక్కించకపోతే ఇంజను పట్టేస్తుందని ఆయన వాదన. ఇంట్లో ఆ డ్రైవరు సీటులో పట్టే మనిషి ఆయన ఒక్కరే. ఆయన ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. మా ఆయన గౌతమ్ ఆరడుగుల మూడంగుళాలు, అంతా మేనమామల పోలిక అంటారు. ఇక నేనంటారా, నాకు స్కూటీ కూడా రాదు.

గౌతమ్ ఒకసారి అందులో కూర్చుని చూశాడు. మోకాళ్ళు స్టీరింగుకు అటూ ఇటూ పైకి లేచాయి, తల ముందరి అద్దాన్ని దాటి బయటికొచ్చింది. బ్రేకు తొక్కడానికి కాలు ఎత్తితే మోకాలు స్టీరింగును తన్నింది. మా అత్తయ్యగారు అమ్మాజీ గుమ్మంలో నిలబడి, "మీ నాన్న కారు నడుపుతాడ్రా, నువ్వు దాన్ని తొడుక్కున్నావు" అన్నారు. దిగేటప్పుడు నేనొక చెయ్యి, మామయ్యగారొక చెయ్యి పట్టుకుని లాగాల్సి వచ్చింది. మళ్ళీ గౌతమ్ దాని జోలికి పోలేదు.

నాకు భయం ఎక్కువ, అది దాచేదేం లేదు. లిఫ్టులో ఒంటరిగా ఎక్కను. గ్యాస్ కట్టేశానో లేదో మూడుసార్లు చూస్తాను. మెట్రో ప్లాట్‌ఫారం మీద పసుపు గీతకు నాలుగడుగులు ఇవతలే ఆగిపోతాను. "సింధు భయపడని వస్తువు ఒక్కటి దొరికితే చెప్పండి, ఫ్రేము కట్టిద్దాం" అంటాడు గౌతమ్ వచ్చినవాళ్ళతో. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఇంట్లో నవ్వనిది మామయ్యగారొక్కరే. చిక్కేమిటంటే, భయం ఇలా ఇంటిల్లిపాదికీ నవ్వులాటైపోయాక, నిజంగా భయపడాల్సింది వచ్చినప్పుడు దాన్ని ఎవరికి ఎలా చెప్పాలో తోచదు.

అలాంటిది మార్చిలో వచ్చింది. ఆ ఆదివారం భావన స్నేహితురాలింట్లో ఉంది. కొత్తపేట రైతుబజారుకు వెళ్దాం రమ్మని మామయ్యగారు నన్ను ఎక్కించుకున్నారు. కాళ్ళ దగ్గర కూరల సంచీతో తిరిగి వస్తున్నాం. చైతన్యపురి మెట్రో స్టేషన్ దాటుతుండగా ఆయన కార్బొరేటర్ గురించి ఏదో చెబుతున్నారు. "ఈ కార్బొరేటర్ ఉంది చూశావా అమ్మా, ఇది..." అని ఆగిపోయారు. మాట వెతుక్కుంటున్నారనుకుని చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి, రోడ్డు వైపే ఉన్నాయి. పెదవులు మాత్రం ఏదో నములుతున్నట్టు కదులుతున్నాయి. కారు మెల్లగా కుడివైపుకు, మెట్రో స్తంభాల వైపుకు ఒరుగుతోంది.

"మామయ్యగారూ" అన్నాను. పలకలేదు. గట్టిగా అరిచాను. పలకలేదు. ఇక స్టీరింగు పట్టుకుని నా వైపుకు గుంజాను. చక్రం డివైడరు రాయికి రాసుకుంటూ పోయి, కారు రెండు కుదుపులు కుదిపి, ఇంజను ఆగి నిలబడిపోయింది. సంచీలోని టమాటాలన్నీ నా కాళ్ళ మీద దొర్లాయి. వెనక ఆటోవాడు ఏదో తిట్టి పక్క నుంచి పోయాడు.

కాసేపటికి మామయ్యగారు నా వైపు తిరిగి, "ఏమైందమ్మా, ఎందుకాపాను?" అన్నారు.

జరిగింది చెప్పాను. ఆయన ముఖంలో రంగు పోయింది. ఎండ అన్నారు. అప్పటికింకా ఎండే రాలేదు. తర్వాత షుగర్ పడిపోయి ఉంటుందన్నారు. ఇంటి సందు మొదట్లో కారు ఆపి, "ఇంట్లో చెప్పకమ్మా. డాక్టరుకు నేనే చూపించుకుంటాను. వాడికి తెలిస్తే తాళాలు తీసి దాచేస్తాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టేస్తారు" అన్నారు.

సరేనన్నాను. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. పదకొండేళ్ళ కాపురంలో ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. కాదనడం చేతకాలేదు.

ఏప్రిల్ మొదటివారంలో ఆయనే చెప్పారు. డాక్టరు చూశారట, షుగర్ కాస్త హెచ్చుతగ్గులవుతోందట, రెండు బిస్కెట్లు తిని బయల్దేరితే చాలట. ఇక ప్రతి ఆదివారం నేను చూస్తుండగా వంటింట్లో నిలబడి రెండు బిస్కెట్లు తినేవారు. ఇదిగో తిన్నాను అన్నట్టు ఒకసారి నా వైపు చూసి తాళాలు తీసుకునేవారు. నేను నమ్మాలని చాలా ప్రయత్నించాను. మనసు నమ్మితే ఒళ్ళు నమ్మేది కాదు. గేటు తుడవడం మాత్రం మానలేకపోయేదాన్ని.

భావనను ఆపడానికి నాకు తెలిసిన వంకలన్నీ పెట్టాను. ఒక ఆదివారం తలంటు అన్నాను. ఇంకో ఆదివారం దగ్గు అన్నాను. "అమ్మా, నాకు దగ్గు లేదు కదా" అంది అది అందరి ముందు. రెండు వారాలు ఆపగలిగాను. మూడో వారం మామయ్యగారు వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, "పిల్లను పంపమ్మా" అన్నారు. అడగడం కాదది, బతిమాలడం. ఒక్కరే వెళ్ళొచ్చు కదా, దాన్నెందుకు తీసుకెళ్ళాలని నాలో నేను ఎంత మండిపడ్డానో చెప్పలేను. పైకి మాత్రం పిల్లకు జడ వేసి పంపాను.

మే నెలలో ఒక ఆదివారం ఏడున్నర దాటింది. ఏడూ నలభై అయింది. ఫోన్ చేస్తే మామయ్యగారి ఫోన్ ఇంట్లోనే మోగింది. ఏడూ నలభై అయిదుకు నేను చెప్పులు కూడా లేకుండా మెయిన్ రోడ్డు మీదికి పరిగెత్తాను. మెట్రో మెట్ల దగ్గర పూలమ్మే ఆమె "ఏమైందమ్మా" అని అడుగుతుంటే ఆగకుండా దాటిపోయాను. అంబులెన్సు కూత వినబడితే అది ఏ వైపు నుంచి వస్తోందో తల తిప్పి తిప్పి వెతికాను. ఏడూ నలభై ఎనిమిదికి ఎర్ర కారు వచ్చి నా పక్కన ఆగింది. భావన ఒళ్ళో తాటిముంజలు. "తాతయ్య కొట్టించాడమ్మా, చాలా లేటయింది" అంటూ దిగింది.

నేను దాన్ని చెంప మీద కొట్టాను, రోడ్డు మీద, అందరి ముందు. అది ఏడవడం కూడా మరిచిపోయి నన్నే చూసింది. మామయ్యగారు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని తల వంచుకున్నారు.

ఆ మధ్యాహ్నం ముంజలు వలుస్తూ అనుకున్నాను. మామయ్యగారి చేత కారు మాన్పించడం నా వల్ల కాదు. మాట ఇచ్చాను కాబట్టి చెప్పడమూ కాదు. ఆ కారును వారానికోసారి నడపాలి, అంతే కదా. గౌతమ్ అందులో హాయిగా పట్టేటట్టయితే తనే నడుపుతాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషికి ఆ కారులో చోటు చేస్తే నా పిల్ల బతుకుతుంది. నాకు తోచిన దారి అదొక్కటే.

మర్నాడు మెట్రో ఎక్కి ఎల్బీనగర్ వెళ్ళాను. అక్కడ ఫ్లైఓవరు పక్క సందులో కార్లకూ ఆటోలకూ సీట్లు కట్టే నర్సింహులు ఉంటాడు. మా పెద్ద కారు సీట్లు కూడా అతనే కుట్టాడు. అరవై దాటిన మనిషి. పోచంపల్లి దగ్గర పల్లెలో ముప్పై ఏళ్ళు వచ్చేదాకా మగ్గం మీద కూర్చుని, తర్వాత పట్నం వచ్చాడు. ఇప్పటికీ టేపు వాడడు, అన్నీ జానలూ వేళ్ళే.

"చిన్న కారులో పొడుగు మనిషి సుఖంగా కూర్చోవాలి. అవుతుందా?" అని అడిగాను.

"ఎంత పొడుగమ్మా?"

"ఆరడుగుల మూడంగుళాలు."

"ఉత్తగ ఎట్ల జెప్తమమ్మా. మనిషిని జూడాలె, కారును జూడాలె. ఇద్దర్ని తోల్కరాండ్రి."

ఇంటికొచ్చి రెండు అబద్ధాలు ఆడాను. గౌతమ్‌తో, "మీరు ఒక్కసారైనా ఆ కారు నడపాలని మామయ్యగారికి ఉందండీ, పైకి అనరు" అన్నాను. మామయ్యగారితో, "ఆయనకు నడపాలని ఉందట మామయ్యగారూ, మిమ్మల్ని అడగలేకపోతున్నారు" అన్నాను. గౌతమ్ పొంగిపోయాడు. మామయ్యగారు చదువుతున్న పేపరు మడిచి, నా ముఖం కాసేపు చూసి, "సరే, చూపిద్దాం పద" అన్నారు. స్క్రూ మారిస్తేనే అన్నం సహించని మనిషి అంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నారో నాకప్పుడు తట్టలేదు. పని అయిందన్న సంబరంలో ఉన్నాను.

శనివారం మామయ్యగారు ఆ కారులో ముందు, మేమిద్దరం మా కారులో వెనక. ఎల్బీనగర్ దాకా నేను సీటు అంచునే కూర్చున్నాను. ఎర్ర కారు ప్రతి స్తంభాన్నీ దాటేటప్పుడు లోపల లెక్కపెట్టుకున్నాను.

నర్సింహులు కారు చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు తీసి లోపలికి తొంగిచూసి నవ్వాడు. "గిది కారు గాదు సార్, గుంట మగ్గమే" అన్నాడు. మాకు అర్థం కాలేదు. అతనే చెప్పాడు. "మేం భూమిల గుంట తవ్వి, అండ్ల కాళ్ళు పెట్టి కూసుంటం. కాళ్ళతోని చెక్కలు తొక్కుతుంటె చేతులతోని నేస్తం. పొడుగు మనిషొస్తె చాన మంది పీట ఎత్తు పెడ్తరు. అది తప్పు. ఎత్తు పెడ్తె మోకాళ్ళు మగ్గానికి తాకుతయ్. పీట దించాలె, కాళ్ళు ముందుకు సాపాలె. మా నాయిన గీ సారంత పొడుగుండె. ఆయన గుంట నేనే తవ్విన."

అతను సీటు విప్పి బయట పెట్టాడు. కింద సీటు ముందుకూ వెనక్కూ జరిగే ఇనప పట్టాలు ఉన్నాయి. అవి తీసేస్తే రెండంగుళాలు దిగుతుందన్నాడు. లోపలి స్ప్రింగుల దిమ్మె తీసి పల్చటి రబ్బరు వేస్తే ఇంకో ఆరు. వెనక గోడకున్న దూది ఒలిచేస్తే వీపు నాలుగు వేళ్ళు వెనక్కి పోతుంది. చెయ్యి చాపి గాలిలో కొలిచి, "జానెడు కిందికి దిగితె చాలు" అన్నాడు.

"సార్, బూట్లిడ్సి అండ్ల కూసోండ్రి" అన్నాడు గౌతమ్‌తో. గౌతమ్ తన పన్నెండో నంబరు బూట్లు విప్పి దుకాణం గుమ్మం దగ్గర పెట్టి, ఒట్టి రేకు మీద గోనెసంచీ వేసుకుని కూర్చున్నాడు. నర్సింహులు మోకాళ్ళ మీద వంగి తుంటి నుంచి మోకాలికి, మోకాలి నుంచి మడమకు, మడమ నుంచి పెడలుకు జానలు పెట్టాడు. సంచీ కింద ఒక చెక్క పెట్టి చూశాడు, తీసేశాడు. మడమ కాస్త ముందుకు జరిపించాడు. పావుగంట తర్వాత, "ఇగ తొక్కుండ్రి" అన్నాడు.

గౌతమ్ క్లచ్ తొక్కాడు, బ్రేకు తొక్కాడు. స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాడు. తల అద్దం అంచు కిందే ఉంది. "నాన్నా, చూడు, మోకాలు తగలట్లేదు" అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి ముఖంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు. దిగనంటే దిగనన్నాడు. ఆఫీసు నుంచి ఫోనొస్తే తప్పక దిగి, మాట్లాడుకుంటూ సందు చివరిదాకా వెళ్ళాడు.

అప్పుడు నర్సింహులు మామయ్యగారి దగ్గరికొచ్చాడు. "సార్, ఒక ముచ్చట ముందుగాలనే చెప్తున్న. పట్టాలు తీసేస్తె సీటు జరగదు. చిన్నసారుకు కుదిరిందంటె మీకు కాళ్ళు అందయ్. పరేషాన్ గావొద్దు, బోల్టులు బిగిస్త. మనసు మారితె మల్ల పాతదే పెట్టుకోవచ్చు."

మామయ్యగారు తల అడ్డంగా ఊపారు.

"బోల్టులొద్దు. వెల్డింగ్ చేసెయ్యండి" అన్నారు.

"వెల్డింగ్ జేస్తె మల్ల ఊడదు సార్."

"తెలుసు."

నర్సింహులు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. మామయ్యగారు కళ్ళజోడు తీసి లాల్చీ అంచుతో తుడుచుకుంటున్నారు. నా ఎత్తుగడ ఆయనకు తెలిసిపోయిందనీ, నా మీద కోపంతోనే అలా అన్నారనీ అనుకున్నాను. ఆయన కారును ఆయన చేతిలోంచి దొంగిలించినట్టు అనిపించింది. అయినా ఆపమని అనలేదు.

జూన్ మొదటి ఆదివారం. కొత్త సీటుతో నర్సింహులు కారును ఇంటికి పంపి మూడు రోజులైంది. భావన అప్పుడే తలుపు పట్టుకుని నిలబడింది. "ముందు నేను వెళ్తాను, తర్వాత నువ్వు" అని దాన్ని పక్కకు జరిపి నేనెక్కాను. "అమ్మకు భయమేసి ఏడిస్తే తీసుకొచ్చేస్తాలే" అన్నాడు గౌతమ్. కొత్త సీటులో కాళ్ళు చాపుకుని, బూట్ల తాళ్ళు బిగించుకుని బయల్దేరాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లలు పరీక్ష అట్టలు పట్టుకుని గుంపులుగా నడుస్తున్నారు. కొందరు ఆగి ఫోటోలు తీశారు. గౌతమ్ చెయ్యి ఊపాడు. పొద్దుటి గాలి చల్లగా ఉంది. ఎన్నో వారాల తర్వాత నేను వెనక్కి ఆని కూర్చున్నాను. ఇక ఆదివారాలకు భయపడక్కర్లేదనుకున్నాను.

ఎల్బీనగర్ ఫ్లైఓవరు కింద ముందున్న సిటీ బస్సు ఆగింది. అప్పటిదాకా మెల్లగా తాకుతూ వచ్చిన బ్రేకును గౌతమ్ ఈసారి నిండా తొక్కాడు. కారు ఆగడానికి బదులు గర్జించింది. కాస్త తగ్గి, మళ్ళీ ముందుకు దూకింది. "ఏంటిది" అంటూ ఇంకా గట్టిగా తొక్కాడు. ఎంత తొక్కితే అంత అరుస్తోంది. బస్సు వెనక అద్దంలోంచి చూస్తున్న ముసలాయన కళ్ళు నాకు కనిపించాయి. నేను అరవలేదు. భావనను ఎక్కించలేదు, భావనను ఎక్కించలేదు అని లోపల ఒకటే మాట తిరిగింది. గౌతమ్ తాళం తిప్పేసి చేతి బ్రేకు లాగాడు. కారు బస్సును ముక్కుతో ఒకసారి పొడిచి ఆగింది.

ఇద్దరం కిందికి చూశాం. గౌతమ్ కుడికాలి బూటు సగం బ్రేకు మీద, సగం యాక్సిలరేటరు మీద ఉంది.

కారును తోసుకుంటూ నర్సింహులు సందులోకి తెచ్చాం. ఇల్లు దుకాణం పైనే కావడంతో కబురు చేయగానే దిగొచ్చాడు. అంతా విని, గౌతమ్ కాళ్ళ వైపు చూసి నుదురు కొట్టుకున్నాడు. "మగ్గం మీద ఎవరన్న చెప్పులేసుకోని కూసుంటరా సార్. నా బుద్ధి గట్లనే పోయింది. ఒట్టి పాదం కొలిసిన. బూటు యాదికే రాలే" అన్నాడు. "తప్పు నాదే అమ్మా. ఎంత పనాయె."

బూట్లు విప్పి నడిపితే అంతా సరిగ్గానే ఉంది. ఇంటిదాకా గౌతమ్ వట్టి కాళ్ళతోనే తెచ్చాడు.

పెసరట్ల ముందు కూర్చున్నాక గౌతమ్ అన్నాడు. "నాన్నా, ఈ కారు నాకు అచ్చిరాలేదు. పాత సీటు మళ్ళీ పెట్టిద్దాం. వచ్చే ఆదివారం నుంచి మళ్ళీ నువ్వూ నీ మనవరాలూ."

భావన చప్పట్లు కొట్టింది. అత్తయ్యగారు "అంతే మరి, ఎవరి కారు వాళ్ళకే" అంటూ ఇంకో అట్టు వడ్డించారు. మామయ్యగారు పళ్ళెంలోకి చూస్తున్నారు. ఆయన వద్దంటారని ఎదురుచూశాను. అనలేదు.

"మామయ్యగారు ఇక కారు నడపకూడదు" అన్నాను.

గౌతమ్ నవ్వాడు. "నీ భయానికి ఇవాళ హక్కుందిలే. తప్పు నాది కదా, నాన్నదేముంది?"

"మార్చిలో నేను పక్కన ఉండగా ఆయనకు తెలివి తప్పింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, మనిషి లేరు. కారు మెట్రో స్తంభం మీదికి పోతుంటే నేను స్టీరింగు లాగాను. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఇక నావల్ల కాదు."

అత్తయ్యగారు అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడ్డారు. "నీకు ఏదో అనిపించి ఉంటుందే సింధూ. ఆయనకేం, రాయిలా ఉన్నారు" అన్నారు మెల్లగా. గౌతమ్ నవ్వు ముఖం మీద సగంలో ఆగిపోయి ఉంది. నా మాట నమ్మాలో లేదో తండ్రి ముఖంలో వెతుక్కుంటున్నాడు.

నా బతుకులో అంత భయపడిన క్షణం ఇంకోటి లేదు. బస్సు ముందు కూడా అంత భయపడలేదు. మామయ్యగారు ఒక్కసారి నవ్వేసి, "పిచ్చిపిల్ల, అద్దంలో చూసుకుంటుంటే కంగారుపడింది" అంటే అయిపోయింది. లిఫ్టుకు భయపడే మనిషి మాట ఆ ఇంట్లో ఎవరు నమ్ముతారు. వచ్చే ఆదివారం నా పిల్ల మళ్ళీ ఆ సీటులో కూర్చుంటుంది.

మామయ్యగారు మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టారు.

"పాత సీటు పెట్టడం కుదరదురా. బోల్టులు కాదు, వెల్డింగ్. నేనే చేయించాను" అన్నారు.

"ఎందుకు?"

"నా కాళ్ళు అందకుండా."

ఆ తర్వాత ఎవరూ తినలేదు. గౌతమ్ లేచి వెళ్ళి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. అలా కూర్చున్నా గౌతమ్ తల ఆయన భుజం దాకా వచ్చింది.

ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు గౌతమ్ ఆ కారు నడుపుతాడు, వట్టి కాళ్ళతో. పక్క సీటుకు బెల్టు పెట్టించాం. ఒకసారి అత్తయ్యగారు కూర్చుంటారు, ఒకసారి మామయ్యగారు. భావనను ఇంకా ఎక్కించనివ్వలేదు. ఎందుకని నన్ను ఎవరూ అడగరు. ఫ్రేము మాట కూడా మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు. ఆ పెసరట్లు చల్లారిపోయిన మూడో రోజున ఆసుపత్రిలో జరిగింది ఒకటి ఉంది. గౌతమ్‌కు చెప్పలేదు, చెప్పను కూడా.

ఎల్బీనగర్‌లోని ఆసుపత్రి అది. తలకు తీగలు అంటించి చేసే పరీక్ష రాశారు. అది ఫిట్స్‌లోనే ఒక రకమై ఉండొచ్చని, ఒళ్ళు కొట్టుకోకుండా మనిషి కాసేపు లేకుండా పోతాడని డాక్టరు చెప్పారు. మాత్రలతో అదుపులో ఉంటుందట, బండి మాత్రం ఇక ముట్టకూడదట. గౌతమ్ పాత రిపోర్టుల కోసం కిందికి వెళ్ళాడు. వసారాలో బల్ల మీద నేనూ మామయ్యగారూ మిగిలాం.

"ఏప్రిల్‌లో నేను డాక్టరు దగ్గరికి వెళ్ళలేదమ్మా" అన్నారు ఆయన. "బిస్కెట్ల మాట నేను కల్పించిందే."

"ఎందుకు మామయ్యగారూ?"

"భయం."

ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. నాకు జాలి కలగలేదు. ఇన్ని వారాలు గేటు దగ్గర నిలబడ్డ కోపమంతా గొంతులోకి వచ్చింది.

"మరి పిల్లను ఎందుకు తీసుకెళ్ళారు? ఒక్కరే వెళ్ళొచ్చు కదా?"

"అది పక్కనుంటే రాదనుకున్నాను. పిల్ల పక్కన ఉండగా నాకు అలా కాదు, కానివ్వను అనుకున్నాను. దేవుణ్ణి నమ్మినట్టు నమ్మానమ్మా."

ఆ తర్వాతి ప్రశ్న అడక్కుండా ఉండాల్సింది. అడిగాను.

"వచ్చిందా?"

ఆయన తలూపారు. "రెండుసార్లు."

ఆసుపత్రి గోడలన్నీ ఒకసారి నా మీదికి వచ్చి వెళ్ళాయి. "భావన ఏం చేసింది?"

"స్టాట్యూ ఆట అనుకుంది. నాకు తెలివొచ్చేసరికి నవ్వుతోంది. ఈసారి నువ్వే గెలిచావు తాతయ్యా, అసలు కదల్లేదు అంది. అవునన్నాను."

"అప్పుడు కారు నడుస్తోందా?"

అవతల గదిలోంచి నర్సు ఆయన పేరు పిలిచింది. మామయ్యగారు లేవబోయి, ఆసరాకు నా వైపు చెయ్యి చాపారు. నర్సు రెండోసారి పిలిచేదాకా నేను నా చెయ్యి ఇవ్వలేదు.